ఫ్లోరైడ్ లెక్కన తాగునీటి ఎంపిక: సీసా, క్యాన్, ఆర్‌వో, నల్లా

నల్లగొండ బస్టాండులో కొన్న లీటరు నీళ్ల సీసా ఒకటి ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. దాని చుట్టూ అంటించిన కాగితం మీద ‘ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్’ అన్న మాట, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గరిష్ఠ ధర, పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్య, తాగిన తరువాత సీసాను నలిపి పారవేయమన్న సూచన ఉన్నాయి. కలిపిన ఖనిజాల పేర్లు కూడా చిన్న అక్షరాలలో ఉన్నాయి. ఫ్లోరైడ్ అన్న మాట మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు. ఫ్లోరైడ్ అనగానే దేశమంతటికీ గుర్తుకు వచ్చే జిల్లాలో అమ్ముడయ్యే సీసా మీద ఆ ఒక్క అంకె లేకపోవడం నన్ను బాధించింది.

నేను పుట్టి పెరిగింది మర్రిగూడ మండలానికి దగ్గరి ఊళ్లో. మా పెదనాన్నను ఎవరైనా వెనుక నుంచి పిలిస్తే మెడ తిప్పి చూడలేకపోయేవారు. రెండు పాదాలూ మెల్లగా కదిపి, ఒళ్లంతా తిప్పుకొని, పిలిచిన మనిషికి ఎదురుగా నిలబడేవారు. అది నీటిలోని ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల పళ్లూ ఎముకలూ దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బు. ఆయన జీవితమంతా తాగిన బోరునీళ్లు నోటికి తియ్యగానే ఉండేవి, గ్లాసులో తేటగానే కనిపించేవి. రుచిని బట్టీ తేటదనాన్ని బట్టీ నీటిని నమ్మకూడదని నేను నేర్చుకున్నది అక్కడే. కనుక ఏ నీళ్లు కొనాలి, ఏవి తాగాలి అని అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే: ముందు ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి, తరువాత అందులో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో అడగండి, బ్రాండు పేరు, చల్లదనం, ‘మినరల్’ అన్న మాట ఆ తరువాతి సంగతులు.

అంకెలను ముందుగా స్థిరపరచుకుందాం. తాగునీటికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 10500, 2012 నాటి సవరణ ప్రకారం, ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని చెబుతుంది. వేరే నీటి వనరు దొరకని చోట మాత్రమే 1.5 వరకు అనుమతిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ కూడా 1.5. కాగితాల మీద పీపీఎం అని రాసినా నీటి విషయంలో అది లీటరుకు మిల్లీగ్రాముతో సమానమే. అయితే శరీరంలోకి ఎంత చేరుతుందన్నది నీటిలోని సాంద్రతతో పాటు మనిషి తాగే నీటి పరిమాణం మీద కూడా ఆధారపడుతుంది. మే నెల ఎండలో పత్తి చేనులోనో ఇల్లు కట్టే చోటనో పనిచేసే మనిషి రోజుకు ఐదు లీటర్లు తాగడం మామూలే; 1.5 ఉన్న నీటితో అతనికి రోజుకు 7.5 మిల్లీగ్రాములు చేరితే, 0.3 ఉన్న నీటితో 1.5 మిల్లీగ్రాములే చేరుతుంది. చలిదేశాల వారికి సరిపోయే పరిమితి మనకు సరిపోకపోవచ్చు; దేశాలు తమ పరిమితిని నిర్ణయించుకునేటప్పుడు వాతావరణాన్నీ జనం తాగే నీటి పరిమాణాన్నీ లెక్కలోకి తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది. నా మటుకు నేను 0.5 కంటే తక్కువ ఉన్న నీటినే ఇంటికి ఎంచుకుంటాను.

ఇక సీసాలు. మన వాడుకలో ప్లాంటు నుంచి వచ్చిన ప్రతి నీరూ ‘మినరల్ వాటర్’ అయిపోయింది గాని, చట్టం దృష్టిలో ఇవి రెండు వేరు వేరు సరుకులు. ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ అంటే బోరు నుంచో నల్లా నుంచో ఏదో ఒక మూలం నుంచి తెచ్చిన నీటిని వడపోసి, చాలాచోట్ల ఆర్‌వో పట్టి (అంటే మెంబ్రేన్ అనే సన్నని పొర గుండా ఒత్తిడితో పంపి, కరిగిన లవణాలను వేరుచేసి), క్రిములను చంపి, కొన్నిసార్లు ఖనిజాలు కలిపి నింపినది. దీనికి ఐఎస్ 14543 ప్రమాణం వర్తిస్తుంది. బిస్లరీ, కిన్లే, ఆక్వాఫినా పేర్లతో మనం రోజూ కొనే మామూలు సీసాలు ఈ కోవలోనివే. నేచురల్ మినరల్ వాటర్ అంటే ఒక నిర్దిష్టమైన బుగ్గ నుంచో భూగర్భ జలాశయం నుంచో తీసి, దాని సహజ ఖనిజాల కూర్పు చెడకుండా అక్కడే నింపినది. దీనికి ఐఎస్ 13428 వర్తిస్తుంది, హిమాలయన్ వంటి సీసాలు ఈ కోవలోకి వస్తాయి, ధర కూడా రెండు మూడు రెట్లు ఎక్కువ. ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి మాత్రం రెండింటికీ ఒక్కటే, లీటరుకు 1.0 మిల్లీగ్రాము. కాబట్టి ఫ్లోరైడ్ భయంతో ఖరీదైన మినరల్ వాటర్ సీసా కొనవలసిన అవసరం లేదు. ఆర్‌వో పట్టిన మామూలు సీసాలో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువగానే ఉంటుంది. సహజ ఖనిజ జలంలో అది ఆ బుగ్గ కింద ఉన్న రాతిని బట్టి ఉంటుంది. మంచి వనరు నుంచి వచ్చినదైతే రెండూ మంచివే.

సీసా మీది కాగితం నుంచి ఏమి తెలుసుకోవచ్చు? ఆ నీరు పై రెండు కోవలలో దేనికి చెందుతుందో తెలుస్తుంది. మినరల్ వాటర్ అయితే నీటి మూలం పేరు, అది ఉన్న చోటు రాసి ఉండాలి. లైసెన్సు సంఖ్య ఉంటే దానిని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫోస్కోస్ వెబ్‌సైటులో కొట్టి చూసి, ఆ సంస్థ, ఆ చిరునామా నిజంగా ఉన్నాయో లేవో సరిచూసుకోవచ్చు. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఇచ్చే ఐఎస్‌ఐ గుర్తు విషయంలో ఒక మార్పు జరిగింది. 2001 నుంచి సీసా నీటికి ఆ గుర్తు తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆ నిబంధనను ఎత్తివేసి, నవంబరులో ఈ నీటిని అధిక ప్రమాదం ఉన్న ఆహార శ్రేణిలో చేర్చారు, అంటే లైసెన్సు ఇచ్చే ముందు తనిఖీ, ఆపైన ఏటేటా బయటి సంస్థల ఆడిట్ ఉండాలి. ఐఎస్‌ఐ గుర్తు ఉన్న సీసా దొరికితే నేను ఇప్పటికీ దానికే మొగ్గు చూపుతాను, ఎందుకంటే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ లైసెన్సును నిమిషంలో సరిచూసుకోవచ్చు.

లీటరు సీసాతో కుటుంబం గడవదు. మన ఊళ్లలో అసలు ఎంపిక ఇరవై లీటర్ల క్యాన్ దగ్గర జరుగుతుంది, జాగ్రత్త ఎక్కువ అవసరమైనదీ అక్కడే. క్యాన్లు మళ్లీ రెండు రకాలు. మూతకు సీలు, ఒంటికి లేబులు, లైసెన్సు సంఖ్య, తేదీ ఉన్న క్యాన్ సీసా నీటితో సమానమైన చట్టానికి లోబడినది. ఆటో ట్రాలీలో వచ్చి, ఇంటి ముందు ఖాళీ క్యాన్ తీసుకొని నిండుది దించి వెళ్లే నీటికి, లేదా ప్లాంటు దగ్గరకు మన క్యాన్ తీసుకెళ్లి పట్టుకొచ్చే నీటికి సీలూ లేబులూ ఉండవు. దీని అర్థం ఆ నీరు చెడ్డదని కాదు. ఊరి పంచాయతీయో స్వచ్ఛంద సంస్థయో శ్రద్ధగా నడిపే ప్లాంట్లు ఎన్నో ఉన్నాయి, ఫ్లోరైడ్ బాధిత గ్రామాలను నది నీరు వచ్చేదాకా నిలబెట్టినవి కొంతవరకు అవే. అయితే అక్కడ లేబులు చేయవలసిన పనిని మీరే ప్రశ్నలు అడిగి చేయాలి: బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత, ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిలో ఎంత, ఆ పరీక్ష ఎప్పుడు చేయించారు, మెంబ్రేన్ ఎప్పుడు మార్చారు, బోరు నీటిని ఎంత పాళ్లు కలుపుతున్నారు.

చివరి ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి. ఆర్‌వో పట్టిన నీరు చప్పగా ఉంటుంది, తాగేవారికి నచ్చదు. అందుకని చాలా ప్లాంట్లలో ఒక వాల్వు తిప్పి, వడపోత మాత్రమే జరిగిన బోరు నీటిని కొంత అందులో తిరిగి కలుపుతారు. ఒకసారి మా ఇంటికి నీళ్లు వేసే ప్లాంటుకు వెళ్లి చూస్తే, అక్కడి కుర్రాడు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) చూపే మీటరును బకెట్టులో ముంచి, అంకె పెరిగేవరకు ఆ వాల్వును కొద్దికొద్దిగా తిప్పుతూ, “ఇప్పుడు రుచి వస్తది సార్” అన్నాడు. అతనిలో దురుద్దేశం ఏమీ లేదు. లెక్క మాత్రం ఇలా ఉంటుంది. బోరు నీటిలో టీడీఎస్ 1200, ఫ్లోరైడ్ 3.0 అనుకుందాం, ఆర్‌వో తరువాత టీడీఎస్ 60కి, ఫ్లోరైడ్ 0.2కి దిగిందనుకుందాం. నూటికి పదిహేను పాళ్లు బోరు నీరు కలిపితే టీడీఎస్ 231, ఫ్లోరైడ్ 0.62 అవుతాయి. ముప్ఫై పాళ్లు కలిపితే టీడీఎస్ 402 అవుతుంది, అది ఇంకా ప్రమాణం చెప్పే 500 లోపే ఉంది కనుక మీటరు చూసినవారికి అంతా సవ్యంగా తోస్తుంది. కాని ఫ్లోరైడ్ అప్పటికే 1.04కు చేరి పరిమితి దాటిపోయింది. టీడీఎస్ మీటరు నీటి విద్యుద్వాహకతను కొలిచి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందే తప్ప, అందులో ఫ్లోరైడ్ వాటా ఎంతో చెప్పలేదు.

రుచితో మోసపోవడానికి రసాయనశాస్త్రంలోనే కారణం ఉంది. నల్లగొండలోనూ ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి వైపునా భూమి కింద ఉన్న గ్రానైట్ జాతి రాళ్లలో ఫ్లోరైడ్ గల ఖనిజాలు ఉన్నాయి. నీటిలో కాల్షియం తగినంత ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా పేరుకుపోయి, కరిగి ఉండే ఫ్లోరైడ్‌ను అదుపులో ఉంచుతుంది. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బొనేట్లు ఎక్కువై, నీరు కొంచెం క్షారంగా ఉన్నచోట ఆ అదుపు ఉండదు. అంటే సబ్బు బాగా నురగ వచ్చే, పప్పు తొందరగా ఉడికే, గిన్నెకు తెల్లటి పొర పట్టని మెత్తని నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండే అవకాశం ఉంది. మా ఊళ్లో అందరూ మెచ్చుకొని దూరం నుంచి బిందెలతో తెచ్చుకున్న బోరు అలాంటిదే.

ఇంట్లో ఆర్‌వో యంత్రం పెట్టుకోవడం మరో మార్గం. బాగా పనిచేసే మెంబ్రేన్ ఫ్లోరైడ్‌లో నూటికి ఎనభై అయిదు నుంచి తొంభై అయిదు పాళ్ల వరకు తీసేస్తుంది. అతినీలలోహిత దీపం మాత్రమే ఉన్న ఫిల్టర్లు, క్యాండిల్ ఫిల్టర్లు, మామూలు బొగ్గు ఫిల్టర్లు ఫ్లోరైడ్‌ను తీయలేవు; నీటిని మరగబెడితే ఆవిరి పోయిన మేరకు ఫ్లోరైడ్ సాంద్రత ఇంకా పెరుగుతుంది. యంత్రం కొనేటప్పుడు ‘టీడీఎస్ కంట్రోలర్’ ఉందా అని అమ్మేవాడు గొప్పగా చెబుతాడు. ప్లాంటులోని వాల్వు చేసే పనినే అది చిన్న ఎత్తున చేస్తుంది, కనుక బోరులో ఫ్లోరైడ్ ఉన్న ఇళ్లలో దానిని పూర్తిగా మూయించండి, రుచి కోసం ఖనిజాలు కలిపే కార్ట్రిడ్జ్ ఉన్న యంత్రం తీసుకోండి. ఇంకొక సంగతి బయటికి పోయే నీరు. ఒక వంతు మంచినీటికి రెండు వంతుల నీరు బయటికి పోతే, 3.0 ఉన్న బోరు నీటి నుంచి వచ్చే ఆ వృథా నీటిలో ఫ్లోరైడ్ 4.4 దాకా ఉంటుంది. దానిని ఇల్లు తుడవడానికి వాడండి గాని బర్రెల తొట్టిలో పోయవద్దు, పశువుల పళ్లూ కాళ్లూ కూడా ఫ్లోరోసిస్‌కు గురవుతాయి.

నల్లాలో కృష్ణా, గోదావరి నీరు శుద్ధి అయి వచ్చే ఇంటికి, నా అభిప్రాయంలో, పైవాటన్నింటికంటే ఆ నల్లాయే మేలు. నదుల ఉపరితల నీటిలో ఫ్లోరైడ్ సాధారణంగా చాలా తక్కువ. ఈ నీటి కోసం మావాళ్లు పడిన పాట్లు చిన్నవి కావు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు గుర్తించి పత్రికలో ప్రచురించారు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికలలో, సమస్య దేశం కంటపడాలని, నల్లగొండ స్థానంలో ఏకంగా 480 మంది అభ్యర్థులు నిలబడగా, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలాగా అచ్చువేయవలసి వచ్చింది. శివన్నగూడెం వాసి అంశాల స్వామి ఫ్లోరోసిస్‌తో కుంగిన తన శరీరాన్నే సాక్ష్యంగా చూపుతూ 2023లో మరణించేవరకు ఈ నీటి కోసమే మాట్లాడారు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో నది నీరు ఆ పల్లెల నల్లాలకు చేరింది. అయినా పెళ్లిళ్లలో, హోటళ్లలో, చివరికి ఇళ్లలో కూడా నల్లా నీటిని పక్కన పెట్టి బోరు మీద నడిచే ప్లాంటు క్యాన్‌ను తెప్పించుకోవడం నేను చూస్తున్నాను. నల్లా నీటిలో క్లోరిన్ వాసన వస్తే బిందెలో పట్టి మూత తీసి కాసేపు ఉంచితే పోతుంది. క్రిముల అనుమానం ఉంటే కాచి చల్లార్చవచ్చు. నల్లా రాని రోజుల్లో పంచాయతీ వారు అదే గొట్టంలోకి బోరు నీరు వదులుతున్నారేమో మాత్రం తప్పక కనుక్కోండి.

తాగడానికి క్యాన్ కొని, అన్నం, పప్పు, చారు మాత్రం బోరు నీటితో వండే ఇళ్లు చాలా ఉన్నాయి. బియ్యం తాను పీల్చుకున్న నీటితో పాటు ఫ్లోరైడ్‌నూ లోపలికి తీసుకుంటుంది, కనుక ఇలాంటి ఇంట్లో క్యాన్‌కు పెట్టిన డబ్బులో సగం ఫలితమే దక్కుతుంది. తేయాకులో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. రోజుకు నాలుగైదు సార్లు టీ తాగే అలవాటు ఉన్నవారు ఆ నీటినైనా మంచిది వాడాలి.

పసిపిల్లలు ఉన్న ఇంటికి నా సలహా వేరు. తల్లిపాలలో ఫ్లోరైడ్ అత్యల్పం, కాబట్టి తల్లిపాలు తాగే బిడ్డ విషయంలో చింత లేదు. డబ్బాపాలు కలిపే నీటి విషయంలో లెక్క చూసుకోవాలి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1997లో నిర్ణయించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు 0.7 మిల్లీగ్రాము, ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు 1.3, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వారికి 2.2 మిల్లీగ్రాములు మించకూడదు. రోజుకు 800 మిల్లీలీటర్ల డబ్బాపాలు తాగే బిడ్డకు, చట్టం ఒప్పుకునే 1.0 ఉన్న నీటితోనే 0.8 చేరి పరిమితి దాటుతుంది. కనుక ఇక్కడ ‘ప్రమాణానికి లోబడిన నీరు’ అన్న మాట సరిపోదు. ఆర్‌వో పట్టి ఏమీ కలపని నీటిని, లేదా శుద్ధి చేసిన నది నీటిని, కాచి చల్లార్చి వాడాలి. పళ్ల పైపొర ఏర్పడేది సుమారు ఎనిమిదేళ్ల లోపే, ఆ వయసులో పడిన గోధుమరంగు మచ్చ తరువాత ఎన్ని మంచినీళ్లు తాగినా పోదు.

యూరప్‌లో చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లకు పరిస్థితి తలకిందులుగా ఉంటుంది. అక్కడ సహజ ఖనిజ జలంలో ఫ్లోరైడ్ లీటరుకు 5 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, అది మన పరిమితికి ఐదు రెట్లు. ఫ్రాన్స్‌లోని విషీ ప్రాంతపు బుగ్గల వంటి కొన్ని నీళ్లలో అది సహజంగానే ఎక్కువ. అయితే 1.5 దాటిన ప్రతి సీసా మీదా శిశువులూ ఏడేళ్లలోపు పిల్లలూ నిత్యం తాగడానికి ఇది తగదని రాయాలి, ఎంత ఉందో అంకె కూడా వేయాలి. మన దగ్గర పరిమితి గట్టిది, లేబులు మౌనంగా ఉంటుంది. అక్కడ పరిమితి వదులు, లేబులు మాట్లాడుతుంది. ఆ లేబులును చదివే అలవాటు లేని మనవాళ్లు అలాంటి ఖనిజ జలాన్ని బిడ్డకు పట్టకుండా జాగ్రత్త పడాలి. అమెరికాలో పళ్లు పుచ్చకుండా నల్లా నీటిలో కలిపే ఫ్లోరైడ్‌కు 2015లో 0.7 మిల్లీగ్రామును సిఫారసు చేశారు, సీసా నీటిలో కావాలని కలిపితే 2022 నుంచి అదే గరిష్ఠం. కలిపినట్లయితే లేబులు మీద చెప్పాలి గాని సహజంగా ఉన్నదాన్ని చెప్పనవసరం లేదు. డబ్బాపాలకు అక్కడ డిస్టిల్డ్, ప్యూరిఫైడ్, డీమినరలైజ్డ్ అని రాసి ఉన్న సీసాలను ఎంచుకుంటే ఫ్లోరైడ్ తక్కువగా ఉంటుంది.

ఫ్లోరైడ్ బొత్తిగా లేని నీరు తాగితే పళ్లు పుచ్చిపోతాయేమోనని కొందరు అడుగుతారు. ఫ్లోరైడ్ పంటికి పైనుంచి తగిలినా మేలు చేస్తుంది, ఆ పనిని ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు చేస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత పేస్టు వేసి, మింగకుండా ఉమ్మివేయడం నేర్పిస్తే చాలు.

చివరికి మీరు ఏ నీటిని ఎంచుకున్నా ఒకసారి పరీక్ష చేయించండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, లీటరు నింపి, మూత బిగించి, తేదీ, నీటి మూలం రాసి, జిల్లాలోని గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలకు ఇస్తే కొద్దిపాటి రుసుముతో పరీక్షిస్తారు. ఇంట్లో ఆర్‌వో ఉంటే బోరు నీరు ఒక సీసా, యంత్రం నుంచి వచ్చినది ఒక సీసా ఇవ్వండి, రెండు అంకెల తేడాయే మెంబ్రేన్ ఆరోగ్యం చెబుతుంది. బోరు నీటిలో ఫ్లోరైడ్ వానాకాలానికీ ఎండాకాలానికీ మారుతుంది, బోరును లోతు చేయించినా మారుతుంది, కాబట్టి ఏడాదికి రెండుసార్లయినా ఈ పని చేయాలి. ప్రయోగశాల దూరమైతే పంచాయతీ దగ్గర ఉండే ఫీల్డ్ కిట్ అడగండి. చిన్న గాజు గొట్టంలో నీరు పోసి, కిట్‌లోని ఎర్రటి ద్రావకం చుక్కలు వేసి, పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూడాలి. ఫ్లోరైడ్ తక్కువైతే నీరు గులాబీ రంగులో నిలుస్తుంది, ఎక్కువయ్యేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. పసుపు వచ్చిన క్యాన్‌ను ఆ రోజే మానేయండి, వంటకు కూడా వాడకండి, ఆ గొట్టాన్ని ప్లాంటు వారికి చూపించి వాల్వు మూయమని చెప్పండి.